కట్టె తుపాకికి పాటల దండం

(పిట్టలదొరల యాదిల జరిగిన పాటల సభల ఒక రిటైర్డ్ రెవెన్యూ ఉద్యోగి చేసిన ప్రసంగ పాఠం)



నన్ను పిలిచినోళ్లు పది నిమిషాలు మాట్లాడుమన్నరు. నేను ముప్పై ఏండ్లు రెవెన్యూల నౌకరి చేసినోణ్ని. మా దగ్గర పది నిమిషాల పనికి మూడు నెలలు తిప్పుకునుడు అలవాటు. అయినా జల్దినే దిగుత. అటు పక్కకు పాటగాండ్లు డప్పులు కాపుకుంటున్నరు. అవి సల్లారినయంటే నాకు తిట్లు తప్పయి.

ఇయాల్టి సభ పిట్టలదొరకు. బ్యానర్ మీద 'పాటల నివాళి' అని రాసిండ్రు. పొద్దున ఒక దోస్తు ఫోన్ చేసి "ఎవరు పోయిండ్రే?" అని అడిగిండు. ఎవరు పోలేదు. మనిషి పోతే సంతాప సభ పెట్టుకుంటం, పేపర్ల ఫోటో ఏస్తం. ఒక వేషం ఊర్లె నుంచి ఎప్పుడు పోయిందో మాత్రం ఎవ్వరికి సోయి ఉండదు. మా ఊరికి దొర ఆఖరుసారి ఎప్పుడు వచ్చిండని మొన్న నలుగురిని అడిగిన. ఒకరు చెరువు తెగిన ఏడాది అన్నరు. ఒకరు ఇంటింటికి రంగుల టీవీలు వచ్చినంక అన్నరు. ఒక ముసలమ్మ అయితే "రాకేం బిడ్డా, మొన్న ఓట్లప్పుడు గూడ వచ్చిపాయె" అన్నది. ఆమె ఎవరిని అంటున్నదో నాకు సమజయ్యే సరికి జర సేపు పట్టింది.

ఇక్కడున్న పిల్లలల్ల సగం మందికి దొర అంటే టీవీల చూసిన బొమ్మ. అందుకని కొంచెం చెప్పాలె. ఒంటి మీద ఖాకీ అంగి, మోకాళ్ల దాక ఖాకీ లాగు, నెత్తి మీద ఇంగిలీషు దొరల టోపీ, భుజానికి కట్టె తుపాకి. డప్పు లేదు, తాళం లేదు, వెంట మేళం లేదు. ఒక్కడే. ఆయనకు రాత్రి ఆట లేదు, పందిరి లేదు, గ్యాసు లైటు లేదు. పగటి పూట నడి బజార్ల నిలబడి "అందరు లైన్ల నిలబడుండ్రి" అని ఉరుముతడు. ఉరిమినంక చూస్తే ఎదురుంగ మేకపిల్ల ఒక్కటే నిలబడి ఉంటది. దానికే సలాం కొట్టి ముచ్చట మొదలు పెడుతడు. రెండు నిమిషాలల్ల బజారంత ఆడనే ఉంటది.

మా ఊర్లె ఆయన వచ్చేది పంట కల్లాలకు చేరినంక. ఆ దినాలల్ల ఇండ్లల్ల నాలుగు గింజలుంటయి, పెట్టే చెయ్యి ముడుసుకపోదు. ఒక్కటే ముచ్చట అన్ని జాగలల్ల చెప్పేటోడు కాదు. గిర్ని కాడ నిలబడితే పిండి ముచ్చట. సాలెల వాడల నూలు ముచ్చట. కల్లు మండువ కాడ తాటిచెట్ల లెక్క. మంగలి దుకానం ముందట తన మీసం మీద తనే కేసు పెట్టుకునేటోడు. మేం పోరగాండ్లం బడి ఎగ్గొట్టి ఆయన వెనుక తిరిగేటోళ్లం. ఆయన మమ్ముల "నా పల్టన్" అనేటోడు. సారు వచ్చి కట్టె పట్టుకొని తరిమితే ముందుగాల ఉరికేది దొరనే.

ఆయనకు పేర్లు మస్తు. పిట్టలదొర అంటరు, తుపాకి రాముడు అంటరు, కొన్ని దిక్కుల బుడ్డర్‌ఖాన్ అంటరు, లత్కోర్ సాబ్ అంటరు. ఈ ఆఖరు పేరును జర నిలబడి చూడుండ్రి. లత్కోరు అంటే మన దగ్గర ఎందుకు పనికిరానోడు. సాబ్ అంటే మీకు తెలుసు. ఆ రెండు మాటలను పక్కపక్కన కూసుండబెట్టిన ఊరు ఎంత తెలివిగల్లదో ఆలోచన చేయండి. ఒక్క పేర్లనే ఆఫీసరు గూడ ఉన్నడు, ఆఫీసరు మీద తీర్పు గూడ ఉన్నది.

తుపాకి రాముడు అన్న పేరునేమో ఇప్పుడు నాయకులు ఒకరినొకరు తిట్టుకునేటందుకు వాడుతున్నరు. అబద్ధాలు కోసేటోడు అని అర్థం పెట్టుకున్నరు. నాకు ఈ తిట్టు నచ్చదు. నాయకుల మీద ప్రేమతోని కాదు, రాముని మీద ప్రేమతోని. తుపాకి రాముడు చెప్పేది కోత అని చెప్పేటోనికి ఎరుకే, వినేటోనికి ఎరుకే. ఆయన కోతకు ఎవ్వని భూమి పోలేదు.

ఇగ ఆయన మాట. నేను చిన్నప్పుడు విన్నయి నాలుగు చెప్త. మాట అటిటు అయి ఉంటది, మాఫ్ చేయాలె.

"మా ఇంటికి నలభై దర్వాజలు. అన్నిటికి అలీగఢ్ తాళాలు. గోడలే ఇంక లేవలె."

"నిన్న గోదారి కాడికి పోయిన. పాపం, తడిసి ఉన్నది. పిండి ఆరేసి వచ్చిన."

"నా పెండ్లికి పదివేల మంది వచ్చిండ్రు. పిల్ల ఒక్కతే రాలె."

మీరు నవ్వుతున్నరు, మంచిదే. నవ్వినంక మల్ల ఒకసారి మొదటి మాట కాడికి రాండ్రి. ఆయన గోడలు లేవు అనడు. గోడలే ఇంక లేవలె అంటడు. ఆ 'ఇంక' అనేది చూడుండ్రి. నేను నౌకరిల ఉన్నన్ని దినాలు అదే పని చేసిన. 'ప్రతిపాదన పరిశీలనలో ఉన్నది' అని ఎన్ని కాయిదాల మీద రాసిన్నో లెక్క లేదు. అంటే ఏంది? దర్వాజలకు తాళాలు పడ్డయి, గోడలే ఇంక లేవలె. రైతు ఆ కాయిదం పట్టుకొని సంబురంగ ఇంటికి పోయేటోడు. దొర అదే మాట బజార్ల చెప్తే ఊరంత నవ్వేది. నేను ఆఫీసుల కూసొని చెప్తే ఎవ్వరు నవ్వలె. నాకు ఖాకీ లాగు లేదు, అంతే ఫరఖ్.

ఆయన మాటను తిక్కమాట అనేటోళ్లకు నేను చెప్పేది ఇదే. నిజాం జమానల కచేరి భాష ఉర్దూ. తన పొలం తనకే తెల్వని మాటలల్ల వచ్చేది రైతుకు. పహాణీ, జమాబంది, పంచనామ, తాఖీదు, మిసల్, ఫైసల్. 1956 తర్వాత కచేరికి ఇంగిలీషు వచ్చింది, బడికి పుస్తకాల తెలుగు వచ్చింది. అది గూడ మన నోట్లె ఉన్న తెలుగు కాదు. కాయిదం భాష మారిందిగాని కాయిదాన్ని చూస్తే అయ్యే భయం మారలె. మా నాయిన తాఖీదు అన్న మాట వింటే అన్నం ముద్ద కింద పెట్టేటోడు. ఆ మాటలు ఊర్లెకు భయాన్ని మోసుకొచ్చేటియి.

దొర అయే మాటలను పట్టుకొచ్చి కోడికి జమాబంది చేసేటోడు. బర్రెకు తాఖీదు ఇచ్చేటోడు. పిట్ట గూటికి పహాణీ రాసి, సర్వే నంబరు పక్కన 'గుడ్లు రెండు, విరాసతు పెండింగు' అని చదివి వినిపించేటోడు. మా నాయిన ఆ బజార్లనే నిలబడి, తాఖీదు అన్న మాటకు కండ్లెంబడి నీళ్లొచ్చేటట్టు నవ్వుడు నేను చూసిన. ఒక్క నిమిషం సేపు ఆ మాట మా నాయినకు భయపడింది.

తుపాకి గురించి ఆయన ఏమనేటోడో తెలుసునా? "నాది సర్కారీ తుపాకి. ముందుగాల పిట్ట పడుతది, ఎనుకశీర గుండు పోయి పంచనామ చేస్తది." నేను పోరగాణ్నున్నప్పుడు దీనికి అందరు గట్టిగ నవ్విండ్రు. 1980లల్ల, మా దిక్కు పొద్దుగాల పేపరు తెరిస్తే ఎదురుకాల్పుల వార్తలుండే దినాలల్ల, దొర మల్ల అదే మాటన్నడు. ఒక్క అక్షరం మార్చలె. నవ్వినోళ్లు అటు ఇటు చూసి నవ్విండ్రు. మాట మారలే, దాని చుట్టున్న ఊరు మారింది. ఇంతకన్న ఎక్కువ నేను దాని మీద మాట్లాడ.

అట్లని ఆయనను విప్లవకారుణ్ని చేసుడు గూడ నాకు ఇష్టం లేదు. మన సభలల్ల అదొక అలవాటయింది. ఎవలను పొగిడినా చేతుల ఎర్ర జెండ పెట్టిందాక మనకు నిద్ర పట్టదు. దొర ఎవ్వని మీద తిరగబడలె. గడీ ముందట గూడ నిలబడి, ఆడ ఇచ్చిన బియ్యం మూట కట్టుకపోయిండు. గడీల దొర గూడ ఆయన మాటలకు నవ్వేటోడట. వెట్టి చేసే ఊర్లల్ల, 'బాంచన్ దొరా' అన్న మాట నాలుక మీదనే పుట్టి పెరిగిన ఊర్లల్ల, ఒకడు కట్టె తుపాకి పట్టుకొని "నేనే దొరను, నాకు దండం పెట్టుండ్రి" అంటే, జనం చేతులు కట్టుకోకుండ చప్పట్లు కొట్టిండ్రు. అది ఎంతో, అంతే. ఎక్కువ చేసి చెప్పుడు వద్దు, తక్కువ చేసి చూసుడు గూడ వద్దు.

సినిమాల ముచ్చట ఇంకో తీరు. ఏండ్ల తరబడి మన మాట ఎవ్వలకిచ్చిండ్రో మీకు ఎరుకే. ఒకటి రౌడీకి, రెండు నవ్వులపాలయ్యేటోనికి. హీరో నోట్లె ఒక భాష, హీరో చేతిల దెబ్బలు తినేటోని నోట్లె మన భాష. దొర కూడ నవ్వించిండు గదా, మరి ఫరఖేంది అని ఎవరన్న అడుగుతరు. దొర మన మాటతోని కచేరీని నవ్వులపాలు చేసిండు. సినిమ మన మాటనే నవ్వులపాలు చేసింది. హైదరాబాదు హాస్టళ్లల్ల చదువుకున్న మా ఈడోళ్లకు ఇది పుస్తకంల చదివిన సంగతి కాదు. నోరు తెరిస్తే పక్క మంచం మీదోడు నవ్వేటోడు. నేను మొదటి ఆర్నెల్లు మెస్సుల కూర కావాలెనంటే వేలుతోని చూపిచ్చిన.

దొర పేరైతే తెరకెక్కింది. 1996ల 'పిట్టలదొర' అనే సినిమ వచ్చింది, అలీ అందుల హీరో. 2019ల 'తుపాకి రాముడు' వచ్చింది, రసమయి బాలకిషన్ తీసిండు, బిత్తిరి సత్తి వేషం కట్టిండు. సత్తి అంతకుముందే వీ6 చానల్ల తీన్మార్ వార్తలల్ల మన యాసతోని ఇంటింటికి చేరిండు. మంచిదే. 2023ల 'బలగం' ఆఖరికి మొగిలయ్య, కొమురమ్మ పాడిన పాటకు ఊర్లల్ల తెరలు కట్టుకొని చూసి జనం కలిసి ఏడ్చిండ్రు. ఆ ఇద్దరి పేర్లు మనకు నోటికొచ్చినయి, రావాలె గూడ. నాకు అప్పుడు ఒక ఆలోచన తట్టింది. ఏడిపించినోళ్ల పేరు యాదుంటది. అరవై ఏండ్లు మా ఊరిని నవ్విచ్చినోని పేరు ఏంది? ఊర్లె అందరిని అడిగిన. ఎవ్వరికి తెల్వది. దొర, అంతే. ఆయన ఏ ఊరోడో గూడ తెల్వది. తూర్పు దిక్కు నుంచి వచ్చి పడమటి దిక్కు పోయేటోడు.

నాకు గూడ తెల్వది. నేను అడిగిన గాని. ఎప్పుడడిగిన్నో జర ఆగి చెప్త.

ముందుగాల పాట ముచ్చట, ఎందుకంటే డప్పుల సప్పుడు ఇనబడుతున్నది. దొరకు పాటలతోని దండం పెడుదమని ఈ పిల్లలు అనుకున్నప్పుడు నాకు ఒక అనుమానం వచ్చింది. ఆయన పాట పాడెటోడు కాదు గదా. పాటకు పల్లవి ఉంటది, తిరిగి ఆడికే వస్తది. దొర ఎన్నడు తిరిగి రాడు. ముచ్చట ఎటు పోతే అటే పోతడు. గోదారిని ఆరేసినోడు దాన్ని మల్ల మడత పెట్టుడు నేను వినలె.

మొన్న రిహార్సలుకు పోయిన. పిల్లలు ఊరూరు తిరిగి దొర మాటలు ఏరుకొచ్చి మూడు పాటలు కట్టిండ్రు. మొదటి పాట వింటుంటే నా కాలు ఆగలె. పాట అయిపోయినంక సోయికొచ్చి చూసిన. ఒక్కరు గూడ నవ్వలె. మాటలన్ని దొరవే, మరి నవ్వు ఏడ పోయింది? మల్ల పాడిపిచ్చుకొని విన్న. అప్పుడు దొరికింది. దొర ఒక మాటని ఆగుతడు. "నలభై దర్వాజలు" అని ఆగుతడు. ఆగినకాడ ఊరు మాట్లాడుతది. ఎవడో ఒకడు "మరి గోడలేవి దొరా?" అని అందుకుంటడు. అప్పుడు దొర ఆ మనిషి దిక్కు తిరిగి, తుపాకి దించి, చాన మర్యాదగ జవాబు చెప్తడు. బుర్రకథల వంత పాడేటోళ్లు ఉంటరు, ఒగ్గు కథల పక్కన అందుకునేటోళ్లు ఉంటరు. ఒంటరి దొరకు ఊరే వంత. పిల్లల పాటల ఆ ఆగిన జాగను డప్పు నింపేసింది. ఊరు మాట్లాడెటందుకు సందు లేదు.

గద్దరన్నను చూసినోళ్లు ఈడ చాన మంది ఉన్నరు. ఆయన పాట నడిమిట్ల ఆపి మాట్లాడేటోడు, మాట నడిమిట్ల నుంచి మల్ల పాటలకు దిగేటోడు. 2023 ఆగస్టుల ఆయన పోయినంక ఆ పాటలు పాడేటోళ్లు మస్తుగ వచ్చిండ్రు. ఆ ఆపుడు నేర్చుకున్నోళ్లు తక్కువ. 2002ల కామారెడ్డిల ధూంధాం మొదలైన కాడికెల్లి, ఆ వేదికల మీద పాటకు పాటకు నడుమ నడిచిన ముచ్చట ఉన్నది చూసిండ్రా, జనాన్ని అడుగుడు, జనంతోని అనిపిచ్చుడు, ఒక్క మాటతోని వేలమందిని నవ్విచ్చి మరుక్షణం పాట ఎత్తుకునుడు, అది ఎవ్వలు బడిల నేర్పలె. నా అంచన ఏందంటే ఆ విద్యల సగం బజార్ల తిరిగిన దొరలది. రుజువేదని అడిగితే నా దగ్గర లేదు. చెవి చెప్తున్నది, అంతే.

నేను పిల్లలకు చెప్పిన, ఆగినకాడ డప్పు గూడ ఆపుండ్రి అని. రెండో పాటల వాండ్లు ఆపిండ్రు, మీరే వింటరు. మొదటి పాటకు ఒప్పుకోలె. "అది ఆటపాట, ఆగితే ఆడేటోళ్ల కాళ్లు తట్టుకుంటయి" అన్నరు. వాండ్లదే కరెక్టు కావచ్చు.

ఇగ పేరు అడిగిన ముచ్చట. 2011ల సకల జనుల సమ్మె. సెప్టెంబర్ 13 నుంచి 42 దినాలు. ఈడున్న ఉద్యోగులకు చెప్పేదేమున్నది, ఆ దసరాకు ఎవ్వల ఇంట్ల ఎంత పిండివంట అయిందో మీకే ఎరుక. మాది ఒక చిన్న పట్నంల టెంటు. పొద్దున ఉపన్యాసాలు, పగలు వంటావార్పు, సాయంత్రం పాటలు. కళాకారుల లెక్క చూసేది నేను. రోజు నల్ల బోర్డు మీద పేర్లు రాసేటోణ్ని, ఎవ్వలు ఎన్ని గంటలకు పాడుతరని. ఒకనాడు ఒక ముసలి దొర వచ్చిండు. మా ఊరికి వచ్చిన ఆయనేనా? అయ్యుంటడు. కాకపోవచ్చు. నలభై ఏండ్ల తర్వాత ఖాకీ అంగిల ఎవ్వరైనా ఒక్క తీరే కనబడుతరు.

పాటగాండ్లు చాయ్ తాగెటందుకు పోయిండ్రు. ఆ సందుల ఆయన మైకు కాడికి వచ్చి, మైకును పక్కకు జరిపి నిలబడ్డడు. 'నో వర్క్ నో పే' అని సర్కారు అంటున్న దినాలవి. దొర మమ్ముల వరుసగ చూసి అన్నడు: "నేను పుట్టిన కాడికెల్లి సమ్మెలనే ఉన్న. నా బకాయి ఎంతొస్తదో జర లెక్క గట్టుండ్రి సారూ."

టెంటంత నవ్విండ్రు. తర్వాత ఆ నవ్వు ఒక్కొక్కల మొకం మీదికెల్లి దిగిపోవుడు నేను చూసిన. జీతాలు ఆగినయని బాధపడుతున్నోళ్లం మేము. ఆయనకు ఆగెటందుకు జీతమే లేదు. ఆయన మాత్రం ఆగలె. మాకిచ్చిన చాయ్ ఆయనకు గూడ ఇస్తే, "రసీదు ఇయ్యిండ్రి, రేపు ఆడిట్ల దొరుకుత" అని పట్టు పట్టిండు. మా క్యాషియర్ నిజంగనే బుక్కు తెరిచి 'చాయ్ ఒకటి, దొర గారికి' అని రసీదు చింపి ఇచ్చిండు. దాన్ని మడిచి టోపీల పెట్టుకున్నడు.

అప్పుడు నేను చాక్‌పీసు పట్టుకొని అడిగిన. "పెద్దయ్యా, నీ పేరేంది? బోర్డు మీద రాస్త." ఆయన నన్ను పైకెల్లి కిందికి చూసిండు. ఏ డిపార్టుమెంటని అడిగిండు. రెవెన్యూ అన్న.

"పేరు రాసుకుంటే పట్టా చేయాలె. చేస్తవా?"

మల్ల అందరు నవ్విండ్రు, నేను గూడ నవ్విన. నవ్వి, బోర్డు మీద ఏం రాసిన్నో తెలుసునా? పైన ఏడుగురు పాటగాండ్ల పేర్లు, ఊర్ల పేర్లతోని సహా. కింద 'మరియు పిట్టలదొర.' మల్లొకసారి అడిగితే చెప్పేటోడు కావచ్చు. వేషం ఇప్పి కూసున్నప్పుడు అడగాలె, వేషంల ఉన్నోణ్ని అడిగితే వేషమే జవాబు చెప్తది. నాకు ఆ సంగతి రాత్రి ఇంటికి పోయినంక తట్టింది. తెల్లారి వెతికిన, ఆయన పోయిండు. ఈ సభ పెడుదమని పిల్లలు నా దగ్గరికొచ్చినప్పుడు నేను ఎందుకు గంతగనం ఉరికిన్నో అందరు అడుగుతున్నరు. ఇందుకే.

2014ల రాష్ట్రం వచ్చింది. ఆ తర్వాత ఒక దొర, నడి వయసోడు, కళాకారుల దరఖాస్తు పట్టుకొని నా ఇంటికొచ్చిండు, నింపుమని. నౌకరి ఉన్నన్నాళ్లు జనాన్ని తిప్పినోణ్ని, రిటైరైనంక జనం కాయిదాలు నింపుతున్న, పాపం కడుక్కునుడన్నట్టు. ఫారంల గడులున్నయి. బృందం పేరు. సభ్యులెంతమంది. గురువు పేరు. వాద్యం. 'ఒక్కడే' అని రాసిన, 'తండ్రి' అని రాసిన. వాద్యం కాడ ఆగినం. ఆయన నవ్వుకుంట "తుపాకి రాయి సారూ" అన్నడు. 'కట్టె తుపాకి' అనే రాసిన. ఆ ఫారం వాపస్ వచ్చింది. ఆ గడి చుట్టు ఎర్ర పెన్నుతోని సున్న చుట్టి, 'ఇది వాద్యం కాదు' అని రాసి పంపిండ్రు.

ఏ ఆఫీసని నేను చెప్ప. నేను ఆ కుర్సీల ఉంటే నేను గూడ ఆ సున్ననే చుడుదును. మనిషి నోట్లె ఉన్న మాటే ఆయన వాయిద్యం అని ఫారం తయారు చేసినోనికి తట్టలె. మన వరంగల్ మట్టెవాడ బిడ్డ నేరెళ్ల వేణుమాధవ్ చేతిల ఏ వాద్యం ఉండె? గొంతు ఒక్కటే. ఆ గొంతుకు 2001ల పద్మశ్రీ వచ్చింది. ఆయన వేదిక మీద నిలబడ్డడు, దొర బజార్ల నిలబడ్డడు. నాకు కనబడే తేడ అదే.

ఆ నడి వయసు దొర మల్ల దరఖాస్తు పెట్టలె. ఆయన కొడుకు ఇప్పుడు హైదరాబాదుల సెక్యూరిటీ గార్డు. ఆయన చెప్తుంటే నేను విన్న: "వాడు గూడ ఖాకీనే తొడిగిండు సారూ. తుపాకి లేదు, మాట్లాడనియ్యరు." ఇది ముచ్చటగ చెప్పిండో బాధతోని చెప్పిండో నాకు ఇయాల్టి దాక తేలలె.

విద్యార్థులు చాన మంది ఉన్నరు కాబట్టి ఒక పని చెప్పి దిగుత. మీ చేతులల్ల ఫోన్లున్నయి. దొర ఏడ కనబడ్డా రికార్డు చేయండి. స్టూడియోకు తీసుకపోయి గోడ ముందట నిలబెట్టి కాదు. బజార్ల, ఎండల, ఆయన వెనుక తిరుగుకుంట. నడుమల అందుకొని అడిగినోని గొంతు గూడ ఉండాలె, దాన్ని కోసేయకుండ్రి. మేకపిల్ల అరిస్తే అది గూడ ఉండాలె. ఆట అయినంక పైసలు ముందుగాల ఇయ్యిండ్రి, పేరు తర్వాత అడుగుండ్రి. టోపీ తీసి పక్కన పెట్టి చాయ్ తాగేటప్పుడు అడుగుండ్రి. ఒకవేళ ఎవ్వల దగ్గరన్న టోపీల మడిచి పెట్టిన పాత రసీదు కనబడితే, 2011 సమ్మెది, చాయ్ ఒకటి అని ఉంటది, నాకు ఫోన్ చేయండి.

ఇగ పాటలు. మొదటి పాటకు చప్పట్లు కొట్టుండ్రి. రెండో పాటల డప్పు ఆగుతది, అప్పుడు చప్పట్లు కొట్టకుండ్రి, ఎవరన్న గట్టిగ అడుగుండ్రి, "మరి గోడలేవి దొరా?" అని. మూడో పాట నాకు నచ్చలె, అయినా వినుండ్రి. ఈ సభకని మూడు ఊర్లు దాటి వచ్చిన దొర ఒకాయన అగో ఆ స్తంభం పక్కన నిలబడి ఉన్నడు. వచ్చినప్పుడే చాయ్ పోసి, పైసలు చేతిల పెట్టి పేరు అడిగినం, చెప్పిండు, బోర్డు మీద అందరికన్న పైన రాసినం, పోయేటప్పుడు చూసి పోండ్రి. పది నిమిషాలు దాటినయని పావుగంట సంది నా మీదికి తుపాకి గురి పెట్టి ఉన్నడు. నేను దిగుతున్న దొరా, కాల్చకు.